బ్రిజిడ్: పెట్టుకోవడానికి జంకిన పేరు

ఐర్లండ్ పేర్లలో బ్రిజిడ్‌కు పట్టినంత అందలమూ, జరిగినంత అవమానమూ మరో పేరుకు జరగలేదేమో. పాత కెల్టిక్ భాషలో ‘బ్రిగ్’ అంటే ఎత్తు. దాన్నుంచి ‘బ్రిగంతీ’, అంటే ఉన్నతురాలు. మన బృహదారణ్యకంలోనూ, బృహదీశ్వరుడిలోనూ ఉన్న ‘బృహత్’కు ఇది తోబుట్టువు. వేల ఏళ్ల కిందట ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి ఒకటి తూర్పుకూ మరొకటి పడమరకూ వెళ్లాయి. రోమన్ల కాలంలో ఉత్తర ఇంగ్లండ్‌లో ఉన్న బ్రిగాంటెస్ తెగ పేరూ, వాళ్ల దేవత బ్రిగాంటియా పేరూ ఈ కుదురులోవే.

ఐర్లండ్‌లో బ్రిజిడ్ మొదట దేవత. సుమారు 900 నాటి కోర్మాక్ నిఘంటువు ఆమెను కవుల ఇలవేల్పు అంటుంది. అదే పేరున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు కూడా ఆమెకు ఉన్నారట, ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరానికి. ఆ పేరుకు ‘నిప్పు బాణం’ అనే అర్థం కూడా ఆ నిఘంటువు చెబుతుంది. భాషావేత్తలు ఒప్పుకోరుగానీ, నిప్పు మాత్రం ఆ పేరును వదల్లేదు.

ఎందుకంటే తర్వాత వచ్చిన బ్రిజిడ్, కిల్డేర్‌లో మఠం నెలకొల్పిన సన్యాసిని. క్రీ.శ. 525 ప్రాంతంలో కన్నుమూసిందని సంప్రదాయం. 12వ శతాబ్దంలో ఐర్లండ్ తిరిగిన జెరాల్డ్ ఆఫ్ వేల్స్ ఆ మఠంలోని ఆరని అగ్నిని వర్ణించాడు. చుట్టూ దడి, లోపలికి మగవాళ్లకు ప్రవేశం లేదు. 19 మంది సన్యాసినులు రాత్రికొకరు చొప్పున నిప్పు కాసేవారు. 20వ రాత్రి వంతు బ్రిజిడ్‌ది. 19వ ఆమె కట్టెలు పేర్చి, ఇక నీ నిప్పు నువ్వే చూసుకో తల్లీ అని చెప్పి వెళ్లిపోయేది. తెల్లారేసరికి కట్టెలు కాలి ఉండేవి, నిప్పు ఆరేది కాదు. ఎన్నేళ్లు మండినా బూడిద పెరగలేదనీ రాశాడాయన. ఆమె ఎప్పుడో పోయిందని ఆ మఠంలో ఎవరూ అనుకోలేదని నాకనిపిస్తుంది. వంతుల పట్టీలో ఆమె పేరు ఇంకా ఉంది మరి.

అంతటి తల్లి పేరు పిల్లకు పెట్టి, రోజూ కేకేసి పిలవడమా? పాతకాలపు ఐరిష్‌వాళ్లు జంకారు. మన రామదాసు లాగా ‘మేల్ బ్రిగ్టె’, అంటే బ్రిజిడ్ సేవకుడు, అని మగపిల్లలకు పెట్టుకున్నారు. ఆడపిల్లలకు నేరుగా బ్రిజిడ్ అని పెట్టడం విరివిగా మొదలైంది 17వ శతాబ్దం నుంచే. ఆ తర్వాత ఇంటికో బ్రిజిడ్. బ్రిజెట్, బ్రీడ్, బిడ్డీ అన్నీ ఆమే.

1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మహాక్షామం వచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. అమెరికా నగరాల్లో ఐరిష్ ఆడపిల్లలకు దొరికింది ఎక్కువగా ఇంటి పనే. వచ్చిన పనిమనిషి అసలు పేరేదైనా యజమానురాళ్ల నోట ‘బ్రిజెట్’ అయిపోయింది. పత్రికల వ్యంగ్య చిత్రాల్లో గిన్నెలు పగలగొట్టే మొరటు వంటమనిషి పేరూ అదే. దేవతకు చెందిన పేరును తిట్టుగా మార్చిన ఆ నవ్వును తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చాలామంది బ్రిజెట్లు ఆ పేరు దాచుకుని డెలియాలయ్యారు, బెర్తాలయ్యారు. తమ కూతుళ్లకు ఆ పేరు పెట్టడం తగ్గించేశారు.

సొంతగడ్డ మాత్రం మరవలేదు. ఆమె పండుగకు ముందు రోజు, జనవరి 31 రాత్రి, పచ్చి తుంగ కోసి తెచ్చి, ఒక్కో పోచనూ మడిచి తిప్పుతూ నడుమ చదరం వచ్చేలా శిలువ అల్లుతారు. నాలుగు కొసలూ గట్టిగా కట్టి, గుమ్మం పైనో కప్పు కిందో దోపుతారు. ఇంటికి నిప్పు అంటుకోకుండా బ్రిజిడ్ కాస్తుందని నమ్మకం. ఐర్లండ్ జాతీయ టెలివిజన్ చాలాకాలం తన గుర్తుగా వాడుకున్నది ఈ శిలువనే. 16వ శతాబ్దపు మత సంస్కరణలతో ఆరిపోయిన కిల్డేర్ జ్యోతిని 1993లో బ్రిజిడైన్ సన్యాసినులు ఊరి కూడలిలో తిరిగి వెలిగించారు. 2023 నుంచి ఫిబ్రవరి మొదట్లో ఆమె పేరిట దేశమంతటా సెలవు. ఐర్లండ్‌లో ఒక స్త్రీ పేరిట ప్రకటించిన మొదటి ప్రభుత్వ సెలవు అది.