కుచ్చెళ్ళు, కాళ్ళు, మోటారు సైకిళ్ళు

గండిమైసమ్మ చౌరస్తాలో పొద్దున్న ఎనిమిదిన్నరకి నిలబడితే మనుషుల ముఖాలు కనబడవు. అన్నీ హెల్మెట్లే. అంచేత నేను కాళ్ళు చూస్తూంటాను. బాలానగర్, జీడిమెట్ల మీదుగా నర్సాపూర్ పోయే రోడ్డుకీ, మేడ్చల్ నుంచి మియాపూర్ వైపు పోయే రోడ్డుకీ అది కూడలి. కంకర లారీలు, కాలేజీ బస్సులు, కంపెనీ వ్యాన్లు, వాటి సందుల్లోంచి దూరిపోయే మోటారు సైకిళ్ళు. తలకి బిందె బోర్లించినంత హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు కింద మాత్రం మోకాళ్ళదాకా నిక్కరూ, రబ్బరు చెప్పులూ! వెనక ఒక పక్కకి తిరిగి కూర్చున్న ఇల్లాలు ఒడిలో పిల్లాణ్ణీ, చేత్తో కుచ్చెళ్ళనీ పట్టుకుని ఉంటుంది. తలకున్న మర్యాద కాలికి లేదేమా అనిపిస్తుంది.

తల సంగతి ఎవరు కనిపెట్టారో చరిత్రలో ఉంది. 1935లో 'అరేబియా లారెన్స్' అని పేరుపడ్డ ఇంగ్లీషాయన మోటారు సైకిలు మీంచి పడి, ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి పోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జను ఒకరు. ఆ చావు ఆయన మనసులో పడిపోయింది. యుద్ధకాలంలో ఉత్తరాలు మోసే సైనికుల తల దెబ్బలన్నీ లెక్కగట్టి, టోపీ ఉంటే ప్రాణం నిలుస్తుందని 1941లో రాశాడు. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం హెల్మెట్ పెట్టుకోమంది. మరి కాళ్ళకో?

కాళ్ళ కథ మోటారు సైకిలు కంటే ముందుది, గుర్రాలది. మన రుద్రమదేవి గుర్రమెక్కినప్పుడు కాళ్ళకేం తొడుక్కునేదో తెలుసుకోవాలని నాకు మహా ఉబలాటం. ఆమె కన్నుమూసిన సంగతి తెలిపే చందుపట్ల శాసనం (1289) ఉంది గానీ, శాసనాలు రాసేవాళ్ళకి బట్టల గొడవ పట్టదు కదా! జోధ్‌పూర్ వాళ్ళ పంట్లాం సంగతి మాత్రం ప్రపంచానికంతా తెలిసింది. 1897లో విక్టోరియా రాణి అరవయ్యేళ్ళ పట్టాభిషేకోత్సవానికి సర్ ప్రతాప్‌సింగ్ లండన్ వెళ్ళాడు. తొడల దగ్గర గాలి బుడగలా వదులుగా, మోకాలి కిందనుంచి చీలమండ దాకా చర్మంలా బిగుతుగా ఉండే ఆ పంట్లాం చూసి లండన్ దర్జీలు మనసు పారేసుకున్నారు. పై భాగం వదులైతే జీనుమీద కాళ్ళు చాచుకోవచ్చు. కింద బిగుతైతే గుడ్డ దేనికీ తగులుకోదు. గుర్రం పోయి యంత్రం వచ్చినా ఈ రెండు సూత్రాలూ మారలేదు. తొలినాటి మోటారు సైకిలు వాళ్ళు గుర్రపు రౌతుల బ్రీచెస్‌నే తొడుక్కున్నారు. పిక్కలకి చుట్టుకున్న 'పట్టీలు' కూడా మన మాటే. తెల్ల సైన్యం మొదటి ప్రపంచ యుద్ధంలో వాటితోటే నడిచింది. పాత సినిమాల్లో ఎర్రటోపీ పోలీసుల కాళ్ళు గుర్తున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ళ సంగతి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. దొరసానులు గుర్రం మీద కూడా ఒక పక్కకే కూర్చునేవారు. కాళ్ళు చెరోపక్కా వేస్తే పరువు పోతుందట! 1916లో న్యూయార్కు నుంచి అగస్టా, అడలైన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్ళు చెరో మోటారు సైకిలు మీద అమెరికా ఈ కొస నుంచి ఆ కొసకి బయల్దేరారు. యుద్ధం వస్తే వార్తలు మోసే పని ఆడవాళ్ళూ చేయగలరని చూపించాలని వాళ్ళ పట్టుదల. తోలు బ్రీచెస్, పిక్కలకి లెగ్గింగులు. దారిలో బురద బాధ చాలదన్నట్టు, చిన్న ఊళ్ళ పోలీసులు పట్టుకున్నారు. ఎందుకూ? వేగంగా పోయినందుక్కాదు, మగవాళ్ళ బట్టలు కట్టినందుకు! అయినా లాస్ ఏంజిలిస్ చేరారు. సైన్యం మాత్రం వాళ్ళని తీసుకోలేదు. అడలైన్ తర్వాత లా చదివింది, అగస్టా విమానం నడపడం నేర్చింది. కాళ్ళని కాపాడుకున్న బట్టకి కేసు, విరగ్గొట్టుకుంటే సానుభూతి. ఇది అమెరికాలోనే జరిగిందని నవ్వుకోకండి. ఆడపిల్ల పంట్లాం వేసుకుంటే అరుగులన్నీ మాట్లాడిన ఊళ్ళు మనకీ తెలుసు.

నన్నడిగితే బండి ఎక్కడానికి పనికొచ్చే చీరకట్టు మన తెలంగాణా పొలాల్లో ఆడవాళ్ళు కట్టే గోచీకట్టు ఒక్కటే. నాగరికత వచ్చి దాన్ని విప్పించి, కుచ్చెళ్ళు పోయించి, మనల్ని బండి వెనక పక్కకి కూర్చోబెట్టింది. దాంతో వేలాడే కొంగూ, తిరిగే చక్రమూ ఎదురుబొదురయ్యాయి. 1946లో ఇటలీలో వెస్పా స్కూటర్ని గీసిన డాస్కానియో విమానాల ఇంజనీరు. ఆయనకి మోటారు సైకిళ్ళంటే సరిపడదట. అందుకే గౌను వేసుకున్నావిడ కూడా కాలు ఎత్తకుండా ఎక్కేలా మధ్య ఖాళీ ఉంచి, ముందు రేకు అడ్డం పెట్టాడు. మన ఊరి ఆల్విన్ కంపెనీ కూడా పుష్పక్ అని ఓ స్కూటర్ తయారుచేసింది. మోటారు సైకిలుకి ఆ అడ్డం లేదు. దానికి మన దేశం కనిపెట్టిన మందు శారీగార్డు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదివి చూడండి: వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం మేర మూసే అడ్డం ఉండాలి, పట్టుకోడానికి పిడీ, కాలు పెట్టుకోడానికి ఆధారమూ ఉండాలి. చీర కోసం పుట్టిన చట్టం అన్నమాట! నాకది ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే చట్టం బట్టని చక్రం నుంచి కాపాడింది గానీ, కాలిని రోడ్డు నుంచి కాపాడే పని మనకే వదిలేసింది. ఇక జాలీ అందంగా లేదని పీకించేసే కుర్రాళ్ళ గురించి ఏమనాలో నాకు తోచదు.

జీన్సు ఉందిగా అంటారు పిల్లలు. ఉంది. 1873లో లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ అనే ఇద్దరు రాగి మేకులు బిగించి పేటెంటు తీసుకున్నది కూలీల పంట్లాం కోసం. జేబులు చిరక్కుండా ఉండటానికేగాని, తారు రోడ్డు మీద జారడానిక్కాదు. మామూలు జీన్సు రోడ్డుకి రాసుకుంటే కన్నుమూసి తెరిచేలోగా చిల్లు పడుతుంది. ఇంక లెగ్గింగులంటారా, ఆ నైలాను, పాలియెస్టరు రాపిడి వేడికి కరిగి చర్మానికి అంటుకుపోతాయి.

ఈ కొరత తీర్చిన దారం ఒక ఆడది కనిపెట్టింది. స్టెఫనీ క్వోలెక్. డాక్టరీ చదవడానికి డబ్బు కూడబెట్టుకుందామని 1946లో డ్యూపాంట్ కంపెనీలో చేరి, అక్కడే ఉండిపోయింది. టైర్లకి ఉక్కు బదులు తేలికైన దారం కావాలని వెతుకుతూ, 1965లో ఓ ద్రావకం తయారు చేసింది. అది మామూలు వాటిలా చిక్కగా, తేటగా లేదు. నీళ్ళలా పల్చగా, మబ్బుగా ఉంది. దారం తీసే మిషను మీదున్నాయన సన్న రంధ్రాలు పూడిపోతాయని ఒప్పుకోలేదు. ఇంకొకరైతే పారబోసేవారే. ఆవిడ బతిమాలి తీయించింది. బరువుకి బరువు చూస్తే ఉక్కు కంటే అయిదు రెట్లు గట్టి! అదే కెవ్లార్. తూటా ఆపే చొక్కాలకి వెళ్ళిన ఆ దారమే ఇవాళ మోటారు సైకిలు పంట్లాంల లోపలి పొరలోకి వచ్చింది.

మొన్న దుండిగల్ దగ్గర కాలేజీకి బండి మీద పోయే మా అక్క కూతురు, "పిన్నీ, ఈ ఎండలో తోలు పంట్లాం వేసుకుంటే ఉడికిపోతాను" అంది. నిజమే, తోలు చలిదేశాలకి. గాలాడే జాలీ గుడ్డలో తుంటికి, మోకాలికి గట్టి పొరలు వేసినవి దొరుకుతున్నాయి. లోపల చీటీ చూడాలి. 2020 నాటి యూరపు లెక్కలో పంట్లాంకి ఏఏఏ అన్నది అన్నిటికంటే గట్టిది, తర్వాత ఏఏ, ఆ తర్వాత ఏ. రోజూ ఊళ్ళో తిరగడానికి ఏఏ చాలు అని నా అభిప్రాయం. మోకాటి బిళ్ళకి వేరే ముద్ర ఉంటుంది. ఇందులో రెండో స్థాయి మొదటిదానికంటే మెరుగు.

కొనేటప్పుడు అద్దం ముందు నిలబడి మురిసిపోతే లాభం లేదు. బండి మీద కూర్చున్నట్టు కూర్చోవాలి. అప్పుడు బిళ్ళ మోకాటి చిప్ప మీదే ఉండాలి, అంచు చీలమండ దిగాలి. పైకి పాకితే సైలెన్సర్ పిక్కని ముద్దు పెట్టుకుంటుంది. అంత ఖర్చు పెట్టలేనివాళ్ళకి పట్టీలతో బిగించుకునే మోకాటి తొడుగులున్నాయి. వదులు సల్వార్ కింద కట్టుకుంటే ఎవరికీ తెలీదు. మా పిల్ల అదే కట్టుకుని, చున్నీ నడుముకి ముడేసి, చీలమండ దాటిన బూట్లతో పోతోంది.