కాలవ మట్టీ, క్రిస్మస్ దుప్పటీ
(పల్లె చరిత్ర, 11వ భాగం)



డిసెంబరు వచ్చింది. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట సందుల్లో నక్షత్రాలు వేలాడుతున్నాయి. హాస్టల్ పిల్లల్లో, ఉద్యోగుల సంఘాల్లో, చర్చి యువజన బృందాల్లో ఒకటే చర్చ: ఈసారి దుప్పట్లు ఎక్కడ పంచుదాం? ఇట్లా చందాలు పోగేసుకుని, బండ్లేసుకుని, కలిసి తిరిగే కుర్రాళ్ళని చూస్తే నాకు సంతోషం. నేనూ అందులో మనిషినే. మా బ్యాచ్ ఎనిమిది మందిమి, మాలలం మాదిగలం కలిసి, పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాం.

ఏటా ఎవరో ఒకరు నవ్వుతూ ఒక మాట విసురుతుంటారు. "మీ తాతలు బియ్యం కోసం, పాత బట్టల కోసం మతం పుచ్చుకున్నోళ్ళేగా, పంచడాలూ పుచ్చుకోడాలూ మీకు అలవాటేలే" అని. ఈ మాటకి కోపం తెచ్చుకుంటే సరిపోదు. చరిత్రలోకి వెళ్ళి చూడాలి. మన సీమలో ఎవరు ఎవరికి ఏమిచ్చారు? ఎవరివి ఇచ్చిన చేతులుగా రాశారు, ఎవరివి చాచిన చేతులుగా రాశారు?

మిషనరీలు రాకముందు నుంచే మొదలుపెడదాం. మాదిగవాడు ఊరికి చెప్పులు కుట్టాడు, మోట బావికి తోలు బొక్కెన కుట్టాడు, ఎద్దులకు వార్లు కోశాడు, చచ్చిన గొడ్డును మోశాడు, జాతరకి డప్పు కొట్టాడు. మాలవాడు పొలం దున్నాడు, కావలి కాశాడు, మగ్గం నేశాడు. పంట నూర్చినప్పుడు కళ్ళంలో వీళ్ళకి కొలిచేది మేర. అది కూలి. ఏడాది పొడుగునా చేసిన పనికి ఒక్కసారి ఇచ్చే జీతం. కానీ కళ్ళంలో నిలబడి, ఒంగి, గోచీ బిగించి, దొరా అని పిలిచి అడుక్కుంటేనే పడేది. కూలిని దానంగా మార్చిన విద్య ఇక్కడిదే. అమెరికా నుంచి ఓడ మీద రాలేదు.

1832-33లో నందన కరువు వచ్చింది. జనం డొక్కల కరువు అన్నారు. గుంటూరు జిల్లాలో లక్షకు పైగా మనుషులు పోయారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళకి, 1842 జూలై 31న, లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో దిగాడు. ఆయన బడులు, ఆ మీదట వచ్చిన కుగ్లర్ డాక్టరమ్మ ఆసుపత్రి పెద్ద కథ. వాటికి వేరే భాగం కావాలి. ఇవాళ మనం ఒంగోలు వైపు వెళ్దాం, ఎందుకంటే "బియ్యం క్రైస్తవులు" అనే నింద ఎక్కువగా తిరిగేది అక్కడే.

బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. కనిగిరి దగ్గర తాళ్ళకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య అప్పటికే గురువుల దగ్గర యోగం నేర్చుకున్నవాడు, తోలు వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు. ఒక్క గింజ బియ్యం కోసం రాలేదాయన. దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. ఒంగోలు బ్రాహ్మలు క్లౌ దగ్గరికి వచ్చి, ఈ మాదిగలని చేర్చుకోకపోతే మేం వస్తామన్నారు. ఆయన మాదిగలనే చేర్చుకున్నాడు. చేరినవాళ్ళు ఆదివారం పని మానారు, డప్పు మానారు, చచ్చిన గొడ్డు మాంసం మానారు. అప్పుడు ఊరు ఏం చేసింది? మేర ఆపేసింది, బావుల దగ్గరికి రానివ్వలేదు, కొట్టింది. అంటే మతం మారినందుకు మొదట దక్కింది బియ్యం కాదు, ఉన్న గింజలు కూడా పోయాయి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, వాదనలో పనికొస్తుంది.

ఇక ధాత కరువు, 1876-78. మద్రాసు రాజధాని అంతా ఎండింది. ఢిల్లీలో 1877 జనవరి 1న విక్టోరియాని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ లిట్టన్ దొర దర్బారు జరిపాడు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని కోసి, రోజుకి పౌను ధాన్యం, దాని మీద కాస్త చిల్లర చాలన్నాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. పొద్దస్తమానం మట్టి తవ్వే మనిషికి అది! ఆ రోజుల్లో పెదగంజాం నుంచి మద్రాసు వైపు బకింగ్‌హామ్ కాలవ తవ్వకం సాగుతోంది. ఆ పనుల్లో మాదిగలని మేస్త్రీలు చూసిన తీరు గురించి వేరే చెప్పక్కర్లేదు.

క్లౌ సర్వే పని తెలిసినవాడు. ప్రభుత్వంతో మాట్లాడి కాలవలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర గుడిసెలు వేయించాడు. తన మాదిగ బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చారు. తట్ట, పార, మట్టి. పగలు తవ్వకం, రాత్రి గుడిసెల ముందు కూర్చుని పాటలు, కథలు. కరువులో చావాల్సిన పల్లెలకి పల్లెలు ఆ మూడున్నర మైళ్ళలో బతికాయి. దీన్ని "మిషనరీ దయ" అని రాశారు. నాకు ఆ మాటతో పేచీ ఉంది. క్లౌ మంచివాడే, తెలివైనవాడే, కాదనను. కానీ కాలవ తవ్వింది మనోళ్ళు. లెక్కలు చూసింది మనోళ్ళు. పని చేసి కూలి తీసుకున్నారు, అదీ సాటి మాదిగ చేతి మీదుగా. కూలి కోసం ఎవరి ముందూ ఒంగనక్కర్లేకపోవడమే అక్కడ జరిగిన విప్లవం.

బాప్తిస్మాల సంగతి ఇంకా ముఖ్యం. బియ్యం కోసం వచ్చారనే మాట పడకూడదని, కరువు సాయం నడిచినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. 15 నెలలు. జనం అడుగుతూనే ఉన్నారు, ఆయన వద్దంటూనే ఉన్నాడు. ఇక సాయం లేదు, ఇళ్ళకి పొండి అన్నాక కూడా వాళ్ళు పోలేదు. మాకు మీ డబ్బు అక్కర్లేదు, పని చేసుకుని బతగ్గలం అని చేతుల బొబ్బలు చూపించారని మిషన్ రాతల్లోనే ఉంది. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి ఇచ్చింది తెల్లదొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, వంతులు మారుతూ ఇచ్చారు. ఏడాది చివరికి ఆ లెక్క 9,000 దాటింది. సాయం ఆగిపోయాక వచ్చిన జనం వీళ్ళు. అయినా వీళ్ళకే ఆ పేరు పెట్టారు చూడండి!

మరి క్రిస్మస్ కానుకలు ఎక్కడివి? బాప్టిస్టు స్త్రీల మిషన్ సంఘం 1871లో, లూథరన్ స్త్రీల సంఘం 1879లో అమెరికాలో పుట్టాయి. ఊరూరా ఆడవాళ్ళు, స్నేహితురాళ్ళు, చర్చి గదుల్లో కూర్చుని బట్టలు కుట్టి, బొమ్మలు, రంగు కార్డులు పోగేసి పెట్టెలు నింపేవారు. అవి ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసి మన బడులకి చేరేవి. నిజాయితీగా చేసిన పనే అది. వాళ్ళలో చాలామంది సొంత సంపాదన లేని ఆడవాళ్ళు, పైసా పైసా దాచి పంపినవాళ్ళు. కానీ పెట్టె వెళ్ళిన తోవలోనే కృతజ్ఞత ఉత్తరం, ఫొటో తిరుగు ప్రయాణం చేయాలి. మిషన్ పత్రికల్లో వరసగా నిలబడ్డ తెలుగు పిల్లల బొమ్మలు అట్లా అచ్చయినవే. కుట్టినవాళ్ళ పేర్లు సంఘాల పుస్తకాల్లో ఉన్నాయి. బొమ్మలో నిలబడ్డ పిల్లలకి చాలాసార్లు పేరే లేదు.

అదే కాలంలో పల్లెలో ఇంకో దానం నడిచింది, దానికి ఫొటోలు లేవు. పిడికెడు బియ్యం. అత్తెసరు పెట్టేముందు తల్లి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న ముంతలో పోస్తుంది. ఆదివారం ఆ ముంత చర్చికి పోతుంది. అందరివీ కలిపి కొలిచి, వేలం వేసి, ఆ డబ్బుతో చర్చి ఖర్చులు, పాస్టరు జీతం, జబ్బు పడ్డవాళ్ళ సాయం. కోతల పండక్కి కోడిపుంజు, గుమ్మడికాయ, మిరపకాయల మూట. రోజుకి ఒక్కపూట పొయ్యి వెలిగే ఇంట్లోంచి పిడికెడు తీయడమంటే ఎంతో మీకు నేను చెప్పాలా? డిసెంబరు రాత్రులు పెట్రోమాక్స్ లైటు, డోలక్, కంజిర పట్టుకుని కుర్రాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడి అణాలు, అర్ధణాలు పోగు చేసేవారు. ఇవాళ మీరు స్నేహితులతో కలిసి చేసే చందాలకి తాతలు వాళ్ళు. శాంటాక్లాజ్ టోపీ తర్వాత వచ్చింది.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి ఎదిరించడంతో మొదలైన కథ అది. బతికినవాళ్ళు చీరాల చేరారు, చర్చి ఆవరణ శిబిరమైంది. విద్యార్థులు, డాక్టర్లు, హక్కుల సంఘాలవాళ్ళు అక్కడికొచ్చారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం నాయకత్వంలో ఆ సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికినప్పుడు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణ నీడనిచ్చింది. ఆ శిబిరాల్లో అన్నం వడ్డించడానికి వెళ్ళి ఉద్యమంలో ఉండిపోయినవాళ్ళు మన ముందు తరంలో ఉన్నారు. బాధితులు అక్కడ అడిగింది దుప్పటి కాదు. కేసు పెట్టమన్నారు, భూమి ఇమ్మన్నారు, కోర్టు ఊళ్ళోకి రావాలన్నారు. చుండూరులో ప్రత్యేక కోర్టు ఊళ్ళోనే కూర్చుంది కూడా. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. అది మానని గాయం.

ఇప్పుడు మన పంపకాల దగ్గరికి వస్తాను. మొదట్లో మేం పాత బట్టలు కూడా తీసుకునేవాళ్ళం. జిప్పు ఊడిన ప్యాంట్లు, ఒంటికాలి బూటు, ప్రైవేటు బడి బొమ్మ ఉన్న యూనిఫాం చొక్కాలు, ఒకసారి పెళ్ళికొడుకు తలపాగా! ఆ మూటలు విప్పుతూ నవ్వుకున్నాం, తిట్టుకున్నాం. ఇప్పుడు కొత్తవే కొంటాం. మనిషికి నెలకి 200 చొప్పున ఏడాదంతా వేసుకుంటాం. రెండేళ్ళ కిందట పత్తితీతకి కర్నూలు వైపు నుంచి వచ్చి చేల గట్టున పట్టాలు కట్టుకుని ఉంటున్న కూలీల దగ్గరికి వెళ్ళాం. ఒక పెద్దమ్మ దుప్పటి తీసుకుని, "ఉత్తగా ఎట్ల తీసుకునేది నాయనా" అని లోపలికి పోయి, ఊరినుంచి తెచ్చుకున్న వేరుశనక్కాయలు చెంగులో తెచ్చి మా బండి మీద పోసింది. మావాడు వద్దనబోయాడు. పేరయ్యనీ, పిడికెడు బియ్యాన్నీ చదివినవాణ్ణి కనక నేను తీసుకోమన్నాను. ఆ ఏడు మా లెక్కల పుస్తకంలో "వచ్చినవి" అనే వరసలో ఆ కాయలు కూడా రాశాం.

ఫొటోల దగ్గరే మా గొడవంతా. ఒకసారి ఒక పెద్ద సంస్థ వంద దుప్పట్లు ఇస్తానంది. ప్రతి మనిషీ బ్యానరు ముందు నిలబడి, పేరు, కులం, మతం రాసిన కాగితం పట్టుకోవాలని షరతు పెట్టింది. మాలో నలుగురు సరే అన్నారు, వంద దుప్పట్లంటే వంద మంది చలి కదా అన్నారు. వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. రాత్రి పన్నెండు దాకా వాదించుకుని చివరికి వద్దన్నాం.

ఎందుకు వద్దన్నామో విద్యార్థులు వివరంగా తెలుసుకోవాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ ఇంకా బయటే. మన రాష్ట్రంలో క్రైస్తవుడైన ఎస్సీకి బీసీ-సి, దానికి ఒక్క శాతం. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మన పాత గుంటూరు జిల్లాలోనిదే అయిన పిట్టలవానిపాలెం మండలం కొత్తపాలెం పాస్టరు కేసులో, మతం మారినవాడికి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టం రక్షణ లేదని చెప్పి కేసు కొట్టేసింది. కొట్టినవాడు కులం చూసే కొట్టాడు కదా అంటే, కోర్టు ముందు ఆ వాదన నిలబడలేదు. ఈ పరిస్థితిలో సిలువ గుర్తు బ్యానరు ముందు, కులం మతం రాసిన కాగితంతో ఒక కూలి తల్లి ఫొటో సోషల్ మీడియాలో ఉంటే, రేపు ఆమె బిడ్డ సర్టిఫికెట్టు మీద ఫిర్యాదు చేసేవాడికి అది మనం కట్టి ఇచ్చిన ఫైలు. దుప్పటి రెండు చలికాలాలు వస్తుంది. ఆ ఫొటో ఎప్పటికీ పోదు.

అందుకని మా దగ్గర లిస్టులో కులం గడి లేదు, మతం గడి లేదు. గుడిసె నంబరు, ఎంతమంది, అంతే. దాతలకి లెక్క కావాలంటే కొన్న బిల్లు చూపిస్తాం. ఫొటో కావాలంటే దుప్పట్ల కట్టలకి తీస్తాం. మీరూ ఈ డిసెంబరులో తిరగబోతుంటే ఇది ఆలోచించండి. దుప్పట్లతో పాటు ఉపాధి హామీ కార్డు, రేషను బదిలీ, కూలి బకాయిలు గురించి అడిగి రాసుకోండి. కాంట్రాక్టరు ఎగ్గొట్టిన కూలి ఒక్కటి ఇప్పించినా చాలా దుప్పట్ల పెట్టు.

మీ ఊరి చర్చిలో పాత పిడికెడు బియ్యం చిట్టాలు, కోతల పండుగ వేలం పుస్తకాలు ఉంటే వెతకండి. చెదలు పట్టకముందే చూడాలి. ఏ సంవత్సరానివో, ఏ పల్లెవో, ఎన్ని శేర్లో రాసి నాకు పంపండి. ముంతలు నింపిన అమ్మమ్మలు, నాయనమ్మలు బతికి ఉంటే, వాళ్ళు ఒప్పుకుంటే, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. వచ్చే భాగంలో బీసీ-సి సర్టిఫికెట్టు చరిత్ర, 1977 నాటి 341 నంబరు జీవో నుంచి మొదలుపెడదాం.