కోసిగి నుంచి చూసిన హక్కుల పటం: తెలుగు టెలివిజన్‌లో అనుసరణ చరిత్ర

ప్రవేశిక

కర్నూలు జిల్లా పశ్చిమ అంచున, గుంతకల్లు–రాయచూరు రైలుమార్గంలో, ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకూ నడుమ ఉన్న ఊరు కోసిగి. తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా. ఇంట్లో ఒక భాష, సంతలో మరొక భాష మాట్లాడడం ఈ ప్రాంతంలో వింత కాదు. ఉపగ్రహ ప్రసారాలు వచ్చాక తెలుగు, కన్నడ ఛానళ్ళు రెండూ ఇక్కడివారికి అందుబాటులోకి వచ్చాయి. అందువల్ల ఒకే కథ రెండు భాషల్లో రెండు ఇళ్ళ కథగా నడవడాన్ని ఒకే గదిలో కూర్చుని గమనించగల స్థానం ఇది.

టెలివిజన్ కార్యక్రమాలను ఒక భాషా విపణి నుంచి మరొక భాషా విపణికి అమ్మడం, మార్చడం అనే వ్యాపారం తెలుగులో ఎలా రూపుదిద్దుకొన్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అనువాదం, పునర్నిర్మాణం, ఫార్మాట్ అనే మూడు పద్ధతుల్లో తెలుగు రచయితకూ, తెలుగు మాటకూ దక్కిన వాటా ఎంత అన్నది ప్రధాన ప్రశ్న.

జిల్లా పటం, సినిమా పటం, భాషా పటం

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన జిల్లాలకు దత్తమండలాలనే పేరు వచ్చింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ ఆ పేరును తొలగించింది. కాని సినిమా పంపిణీ వ్యాపారం మాత్రం ‘సీడెడ్’ అన్న పాత మాటనే నిలుపుకొన్నది. నైజాం, ఆంధ్ర, సీడెడ్ అని చిత్రాల హక్కులను ప్రాంతాలవారీగా అమ్మే ఆచారం ఇప్పటికీ ఉంది.

కోసిగి ఉన్న ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలో భాగం. ఆనాటి విభజనలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి చెందింది. అయినా సినిమా వ్యాపారుల సీడెడ్ లెక్కలో బళ్ళారి తెలుగు చిత్రాల కేంద్రంగానే కొనసాగింది. రాష్ట్రాల పటం మారినా హక్కుల పటం మారలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ వంటివారి నాటకరంగ కృషి ఈ ఉమ్మడి నేలమీదే సాగింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శనతో ప్రారంభమైన సురభి నాటక సమాజం ఊరూరా తిరిగి తన ప్రదర్శనను తానే మోసుకువెళ్ళింది. ప్రదర్శన ప్రయాణించాలంటే మనుషులు ప్రయాణించవలసిన కాలమది.

టెలివిజన్ ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. సినిమా హక్కు ప్రాంతానికి కట్టుబడింది. టెలివిజన్ హక్కు భాషకు కట్టుబడింది. ‘తెలుగు హక్కులు’ కొన్నవారికి కోసిగి, కాకినాడ, కరీంనగరం అన్నీ ఒకే విపణి. సీడెడ్ అన్న విభాగమే అక్కడ లేదు. ప్రాంతం వ్యాపారపు లెక్కలోంచి తొలగిపోతే, ప్రాంతీయ భాషాభేదం కూడా రచనలోంచి తొలగిపోయే అవకాశం ఏర్పడింది.

ఒక చిత్రం, రెండు గొంతులు

ఈ చరిత్రకు తొలి అధ్యాయం వ్యాపారానిది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్–6 సహాయంతో ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు విద్యా, వ్యవసాయ, ఆరోగ్య కార్యక్రమాలను ప్రసారం చేశారు. తెలుగు, కన్నడ కార్యక్రమాల నిర్మాణానికి హైదరాబాదు కేంద్రమైంది. ఒకే దృశ్యానికి రెండు శబ్దమార్గాలను జతచేయగల సదుపాయం ఆ ప్రసార వ్యవస్థలో ఉండేది. ఒకే బొమ్మకు రెండు భాషలు తొడగవచ్చునన్న భావన మన ప్రాంతపు టెలివిజన్‌కు పుట్టుకతోనే వచ్చిందన్నమాట.

సినిమాలో ఈ విద్యకు అప్పటికే పాతికేళ్ళ చరిత్ర ఉంది. ‘నీరా ఔర్ నందా’ అన్న హిందీ చిత్రానికి తెలుగు రూపమైన ‘ఆహుతి’ (1950)కి శ్రీశ్రీ రచన చేశారు. తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రంగా దానిని పరిగణిస్తారు. పెదవుల కదలికకు మాటలు అమర్చే ఈ రచనలో ఛందస్సు కన్నా కఠినమైన నియమం ఉంది. యతిస్థానం కవికి ముందే తెలుసు. పరభాషా నటుడి పెదవి ఎక్కడ మూసుకొంటుందో తెరను చూస్తేగాని తెలియదు.

ప్రైవేటు ఉపగ్రహ ఛానళ్ళు వచ్చాక ఈ పద్ధతి ఇంటింటికీ చేరింది. 2008 జూలైలో కలర్స్ ఛానల్‌లో మొదలైన ‘బాలికా వధు’ను మా టీవీ ‘చిన్నారి పెళ్ళికూతురు’గా అందించింది. రాజస్థాన్ హవేలీ, అక్కడి తలపాగా, అక్కడి ముసుగు తెరమీద అలాగే ఉన్నాయి. మాట ఒక్కటే తెలుగు. ఇందులో రచయిత వాటా సంభాషణకు పరిమితం. ఇల్లు, ఆచారం, ఊరు ఏవీ అతనివి కావు.

నదికి ఆవలి ఒడ్డున పరిస్థితి వేరు. కన్నడ చిత్రరంగం 1960ల నుంచి డబ్బింగ్‌ను నిరోధించింది. ఆ కట్టడి టెలివిజన్‌కూ విస్తరించింది. 2015లో భారత పోటీ కమిషన్ ఈ నిరోధాన్ని తప్పుపట్టింది. బెంగాలీలోకి అనువదించిన ‘మహాభారత్’ ప్రసారాన్ని అడ్డుకొన్న వివాదంలో 2017లో సుప్రీంకోర్టు కూడా కమిషన్ వైఖరినే సమర్థించింది. 2020 లాక్‌డౌన్ కాలంలో ‘మహాభారత’ కన్నడ గొంతుతో స్టార్ సువర్ణలో వచ్చింది. అంతకుముందు దీర్ఘకాలం కన్నడ ఛానళ్ళకు పరభాషా కథ కావలసివస్తే తమ నటులతో, తమ ఇళ్ళలో మళ్ళీ తీయడమే ప్రధాన మార్గం. అనువాదాన్ని స్వాగతించిన తెలుగుకు కథలు చౌకగా, విరివిగా దొరికాయి. అనువాదాన్ని కాదన్న కన్నడానికి కథలు తక్కువ దొరికినా రచయితకూ నటుడికీ పని దొరికింది. రెండు విధానాల ఫలితాలూ కోసిగి వంటి చోట పక్కపక్కనే కనబడతాయి.

పేర్లు చెప్పే పాఠాంతరాలు

రెండవ పద్ధతి పునర్నిర్మాణం. దీనికి ‘కార్తీకదీపం’ మంచి ఉదాహరణ. 2014లో ఏషియానెట్‌లో ప్రారంభమైన మలయాళ ధారావాహిక ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి వరకు స్టార్ మాలో ఇది ప్రసారమైంది. మూలంలో నాయికగా నటించిన ప్రేమీ విశ్వనాథ్ తెలుగులోనూ నాయిక. మేనిరంగు కారణంగా అవమానం పొందే స్త్రీ కథ ఇది. ఇదే కథ కన్నడంలో ‘ముద్దులక్ష్మి’ (2018), తమిళంలో ‘భారతి కణ్ణమ్మ’ (2019), మరాఠీలో ‘రంగ్ మాఝా వేగళా’ (2019), హిందీలో ‘కార్తీక్ పూర్ణిమా’ (2020), బెంగాలీలో ‘అనురాగేర్ ఛోవా’ (2022) అయింది.

వీటిలో పాత్రల పేర్లను తాళపత్ర ప్రతుల్లో పాఠాంతరాలను పోల్చినట్లు పోల్చవచ్చు. మలయాళంలో నాయిక కార్తిక, నాయకుడు బాలచంద్రన్. తెలుగులో నాయకుడు కార్తీక్, నాయిక దీప. ఈ జంట పేర్ల కలయికే శీర్షిక. మరాఠీలో నాయికా నాయకులు మళ్ళీ దీప, కార్తీక్‌లే. హిందీలో కార్తీక్ నిలిచి దీప పూర్ణిమ అయింది. బెంగాలీలో దీప నిలిచి కార్తీక్ సూర్య అయ్యాడు. తమిళ, కన్నడ రూపాల్లో ఈ పేర్లు లేవు. మలయాళం మూలప్రతి అయినా, ఉత్తరాదికి వెళ్ళిన శాఖ తెలుగు ప్రతి మీదుగా సాగినట్లు ఈ పేర్లు సూచిస్తున్నాయి. ఇక్కడ తెలుగు గ్రహీత మాత్రమే కాదు, దాత కూడా.

అయితే ఈ ప్రయాణంలో అమ్మినవారెవరు, కొన్నవారెవరు? ఏషియానెట్, మా, సువర్ణ, విజయ్, ప్రవాహ్, భారత్, జల్సా ఛానళ్ళన్నీ స్టార్ సంస్థ గొడుగు కిందివే. 2015లో మా టీవీ ఛానళ్ళు ఆ సంస్థకు చెందడంతో తెలుగు కూడా ఈ వలయంలో చేరింది. అంతకుముందు వలయం హైదరాబాదు నుంచే బయలుదేరిన సందర్భమూ ఉంది. 1995 ఆగస్టు 27న ప్రారంభమైన ఈటీవీ, రామోజీ ఫిల్మ్ సిటీ ఆధారంగా 2000 నుంచి కన్నడ, మరాఠీ, బెంగాలీ తదితర భాషల్లో ఛానళ్ళు నడిపింది. అవి తరువాత చేతులు మారాయి. ఈటీవీ కన్నడ 2015లో కలర్స్ కన్నడ అయింది. యాజమాన్యం ఒకటే అయినప్పుడు ఒక భాషలోని కథ మరొక భాషకు వెళ్ళడం బయటి విక్రయం కాదు, ఇంటి లోపలి సర్దుబాటు. 1957 కాపీరైటు చట్టం సాహిత్య రచన విషయంలో అనువాద హక్కును, అనుసరణ హక్కును వేర్వేరుగా గుర్తించింది. అయినా తెలుగు ప్రతిలో పేర్లు పెట్టిన రచయిత, అవి మరాఠీకి, బెంగాలీకి చేరినప్పుడు ఆ ప్రయాణంలో కనబడడు.

అద్దెకు తెచ్చిన నియమావళి

మూడవది ఫార్మాట్. ఇందులో చేతులు మారేది కథ కాదు. ఆట నియమాలు, వేదిక, దీపాలు, సంగీతం, ప్రశ్నల క్రమం అన్నీ కలిసిన నియమావళి. వ్యాపారంలో దీన్ని ‘బైబిల్’ అంటారు. 1998లో బ్రిటన్‌లో మొదలైన కోటీశ్వరుల ఆట 2000లో హిందీకి, 2012లో తమిళ, కన్నడాలకు, 2014లో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’గా మా టీవీ ద్వారా తెలుగుకు వచ్చింది. 2021లో జెమినీకి మారినప్పుడు పేరు ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అయింది. ఆట అదే, మూడు మాటలూ అవే, వరుస, వచనం మారాయి. పేరు కూడా ఆస్తేనని ఈ మార్పు గుర్తుచేస్తున్నది. 1999లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘బిగ్ బ్రదర్’ 2017 జూలైలో తెలుగు ‘బిగ్ బాస్’ అయింది.

నియమావళి ఎంత కఠినమో ఇక్కడ స్వేచ్ఛ అంత తక్కువని అనిపించవచ్చు. భాష విషయంలో అది నిజం కాదు. పునర్నిర్మిత ధారావాహికలో పాత్రలు ఏ ఊరివో తెలియని ఒకానొక ప్రామాణిక తెలుగు మాట్లాడతాయి. ప్రశ్నల ఆటలో ఎదురు కుర్చీలో కూర్చునే సామాన్యుడికి ఎవరూ సంభాషణ రాసివ్వరు. అతడు తన ఊరి తెలుగులోనే తడబడతాడు, నవ్వుతాడు, తన కష్టం చెప్పుకొంటాడు. విదేశీ ఒప్పందం వేదికను, వెలుగును కట్టడి చేసింది. పోటీదారుడి మాండలికాన్ని కట్టడి చేయలేదు. మన కథగా మలచిన ధారావాహికలో లోపించిన సీమ పలుకు, అద్దెకు తెచ్చిన ఆటలో వినబడే అవకాశం ఉంది.

ముగింపు

అనువాదంలో తెలుగుకు మాట దక్కింది, ఇల్లు దక్కలేదు. పునర్నిర్మాణంలో ఇల్లు దక్కింది, ఊరు దక్కలేదు. ఫార్మాట్‌లో కట్టడం పరాయిదైనా, మనిషి తన ఊరి గొంతుతో ప్రవేశించాడు. కనుక అనుసరణ స్థాయిని మూలానికి ఎంత దూరం జరిగిందన్న ఒక్క కొలతతో నిర్ణయించడం చాలదు. మాట్లాడే హక్కు ఎవరి చేతిలో ఉందన్నది కూడా చూడాలి.

నన్నయ నాటి నుంచి తెలుగు సాహిత్యం అనుసరణతోనే ఎదిగింది. ఆ అనుసరణకు కర్త పేరు ఉంది, పాఠం ఉంది, పరిష్కర్తలు ఉన్నారు. టెలివిజన్ అనుసరణకు ప్రేక్షకులు కోట్లలో ఉన్నా, సంభాషణ ప్రతులు సంస్థల గోదాముల్లో మిగిలి ఉన్నాయో లేదో చెప్పే ఒక్క సూచిక కూడా మన విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో కనబడదు. సంభాషణ రచయితల ప్రతులను సేకరించడం, భాషలవారీ రూపాలను పక్కపక్కన పెట్టి పాఠభేదాలు గుర్తించడం తెలుగు శాఖలు చేయగల పని, చేయవలసిన పని. కోసిగి వంటి ద్విభాషా ప్రాంతాల ప్రేక్షకులు ఆ పోలికను ఏ పరికరమూ లేకుండా ప్రతి సాయంత్రం చేస్తూనే ఉన్నారు. వారి అనుభవాన్ని నమోదు చేయడంతో ఆ పరిశోధన మొదలుకావచ్చు.