కోనసీమ కొట్లో అరువు పద్దు

కోనసీమలో సూపర్ మార్కెట్ల మాట వచ్చినప్పుడల్లా చర్చ ధర దగ్గర మొదలై ధర దగ్గరే ఆగిపోతుంది. కందిపప్పు కిలో మీద ఎంత తగ్గింది, నూనె ప్యాకెట్టుకి ఏ ఆఫరుంది, పండక్కి బట్టల మాల్లో ఎంత డిస్కౌంటిచ్చారు అన్నవే లెక్కకొస్తాయి. ఈ సీమ వర్తక చరిత్ర తిరగేస్తే మాత్రం పెద్ద వ్యాపారి బలం ఇంకో రెండు చోట్ల కనబడుతుంది. సరుకొచ్చే దారి ఎవరి చేతిలో ఉందన్నది ఒకటి, ఎదుటివాడి చేతికి డబ్బొచ్చేదాకా ఆగగలిగింది ఎవరన్నది రెండోది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న నేల కాబట్టి ఇక్కడ దారి ఎప్పుడూ సమస్యే. పంట అమ్మితేగాని రొక్కం కళ్ళజూడని బతుకులు కాబట్టి అరువు అంతకంటే పెద్ద సమస్య. గొలుసు దుకాణాలు అమలాపురం లాంటి ఊళ్ళకొచ్చి కదిలించింది ఈ రెంటినే.

ఒక పెద్ద సంస్థ వచ్చి ఊళ్ళ వ్యాపారాన్ని తన పద్ధతిలోకి మళ్ళించుకోవడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 18వ శతాబ్దంలో వైనతేయ సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా బెండమూర్లంకలో, యానాం పక్కన ఇంజరంలో, వశిష్ఠ అవతల నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీకి బట్టలు కొని ఓడలకెక్కించే కేంద్రాలుండేవి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ పనిగట్టుకుని ఈ మూడింటినీ పట్టుకున్నాడంటే వాటి విలువ ఎంతో ఊహించుకోవచ్చు. కంపెనీ నేతగాళ్ళకు ముందే సొమ్మిచ్చి గుడ్డ నేయించుకునేది. ఆ సొమ్ము తీసుకున్నవాడు సరుకు అప్పజెప్పేదాకా ఇంకొకరికి అమ్ముకోకూడదు. ధర గురించి బేరమాడే వీలు అక్కడే పోయింది. 1813లో భారత వర్తకం మీద కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, 1833 చార్టర్ చట్టంతో అది వర్తకమే మానుకుంది. పైగా ఇంగ్లండు మిల్లు గుడ్డ వచ్చిపడింది. ఒక్క కొనుగోలుదారు ఇచ్చే ముందస్తు సొమ్ము మీద నిలబడ్డ పని, ఆ కొనుగోలుదారు తప్పుకోగానే దిక్కులేనిదైంది. పెట్టుబడి అందించేవాడు పోతే పనివాడికి ఏమవుతుందో కోనసీమ అప్పుడే చూసింది.

ఇక దారి సంగతి. 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాటన్ దొర కాలవలు పొలాలకు నీళ్ళిస్తూనే పడవలకు బాటలయ్యాయి. గన్నవరం అక్విడెక్టు వైనతేయ మీదుగా రాజోలు వైపుకి కాలవనే దాటించింది. గూటి పడవల్లో ధాన్యం, కొబ్బరి బయటికి పోయేవి. ఉప్పు, కిరసనాయిలు, బట్టల బేళ్ళు లోపలికొచ్చేవి. రేవులో దిగిన సరుకు కొట్టుకి చేరాక అక్కణ్ణించి అరువు మీద నడిచేది. సార్వా అయ్యాక ఒకసారి, దాళ్వా అయ్యాక ఒకసారి, తోటలున్నవాళ్ళకి కొబ్బరి దింపు తీసినప్పుడల్లా డబ్బు ఆడేది. మిగతా నెలల్లో ఇల్లు గడిపింది శెట్టిగారి పద్దు పుస్తకమే. 1950ల చివర్లో మెట్రిక్ తూకాలు రావడం మొదలయ్యేదాకా వీశె, పదలం, ఏబలం లెక్కన తూచి, పాత కాగితంలో పొట్లం చుట్టి, పైనుంచి వేలాడే పురికొస లాగి బిగించి, కొసరు ఒక పిడికెడు వేసి పంపేవారు. వడ్డీ విడిగా రాయనక్కర్లేదు, అది ధరలోనే కలిసి ఉండేది. కొన్నిచోట్ల పంట కూడా ఆ షావుకారుకే కొలవాల్సి వచ్చేది. కాబట్టి దీన్ని ధర్మకార్యంగా వర్ణించనక్కర్లేదు. అయినా ఆ వ్యాపారంలో ఒక గుణం ఉంది: ఎవరి చేను ఎప్పుడు కోతకొస్తుందో, ఎవరింట్లో పెళ్ళుందో తెలిసినవాడు వసూలుకి తొందరపడే రోజుని ఆ లెక్కనే ఎంచుకునేవాడు.

అదే కొట్టు ఒక వృత్తి బడి కూడా. పొట్లాలు కట్టే కుర్రాడు తూకం నేర్చుకుని, తరవాత చిట్టా ఆవర్జాలు రాసి, ఆపైన పట్నం వెళ్ళి సరుకు బేరమాడే గుమస్తా అయ్యేవాడు. పదేళ్ళు నమ్మకంగా పనిచేస్తే యజమాని మాట మీద హోల్‌సేల్ వ్యాపారి అతనికీ సరుకు అప్పిచ్చేవాడు, పక్క ఊళ్ళో ఇంకో కొట్టు వెలిసేది. అంబాజీపేట కొబ్బరి కమీషన్ వ్యాపారంలోకీ చాలామంది ఇలా కింద మెట్టు నుంచే ఎక్కివచ్చారు. అయితే ఈ నిచ్చెన అందరిదీ కాదు. సాధారణంగా యజమాని కులం పిల్లలకి, అతని బంధువర్గానికి అందేది. ఆడవాళ్ళు గల్లా పెట్టె దగ్గర కూర్చోవడం అరుదు, దళితుడికి అక్కడ దొరికేది మోత పని. పొద్దున్న తలుపు తీసిన దగ్గర్నించి రాత్రి దీపం ఆర్పేదాకా పని, దానికి గంటల లెక్కలేదు.

రేవు దాటాల్సినన్నాళ్ళు బయటి వ్యాపారికి కోనసీమ ఖర్చుతో కూడిన చోటు. చించినాడ దగ్గర వశిష్ఠ మీద, బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద వంతెనలొచ్చాయి. 2002లో లోక్‌సభ స్పీకరు బాలయోగి పేరుతో యానాం–ఎదుర్లంక వారధి తెరిచాక కాకినాడ దగ్గరైంది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే రాష్ట్రంలో సూపర్ మార్కెట్ వ్యాపారం పెద్ద కంపెనీల చేతికి వెళ్ళింది. 1986లో హైదరాబాదులో మొదలైన త్రినేత్రను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొంది. అంతకు ముందే 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను హైదరాబాదులోనే తెరిచింది. నగరాల తరవాత జిల్లా కేంద్రాలు, ఆ తరవాత తాలూకా ఊళ్ళు వాటి దారిలోకొచ్చాయి. ఈలోగా రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళిన ఆడవాళ్ళు ఇళ్ళకు నెలనెలా డబ్బు పంపడం, ఉద్యోగుల ఇళ్ళు పెరగడం వల్ల పంటతో పనిలేని రొక్కం ఇక్కడ తిరగసాగింది. గొలుసు దుకాణానికి కావలసిన ఖాతాదారు అలాంటివాడే. తయారీ కంపెనీ నుంచి నేరుగా టోకున కొని, తగ్గింపు రాబట్టి, చేతిలో డబ్బున్నవాడికే అమ్మడం దాని ఆయువుపట్టు. డబ్బు లేనివాడికి బార్‌కోడు దగ్గర పద్దు పుట్టదు.

అసలు నష్టం ఇక్కడుంది. కిరాణా కొట్టు అరువివ్వగలిగింది రొక్కం ఇచ్చి కొనేవాళ్ళు కూడా దానికి ఉండబట్టే. మాస్టారింటి వెచ్చాలకొచ్చే డబ్బుతో హోల్‌సేల్ బాకీ తీరేది, ఆ తీరిన బాకీ మీద కౌలు రైతుకి, దింపు కార్మికుడికి ఇంకో నెల అరువు పుట్టేది. ఇప్పుడు నెలసరి సరుకంతా సూపర్ మార్కెట్ ట్రాలీలో వెళ్ళిపోతోంది, కొట్టుకి మిగులుతున్నవి అరలీటరు పాల ప్యాకెట్టు, రూపాయి షాంపూ, ఎప్పటికి తీరతాయో తెలియని పద్దులు. కొట్టు మూతపడకపోవచ్చు, అరువివ్వడం మాత్రం తగ్గించుకుంటుంది. 2011 సార్వాలో గిట్టుబాటు లేక కోనసీమ రైతులు పంట విరామం పాటించినప్పుడు పొలం నుంచి ఒక్క గింజా రాని ఇళ్ళున్నాయి. అలాంటి ఏడాదిలో ఆగగలిగింది ఊళ్ళో మనిషిని ఎరిగిన వ్యాపారే.

ఈ వాదనకి బలమైన జవాబులున్నాయి. 2008లో ఇక్రియర్ సంస్థ కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన అధ్యయనం ప్రకారం పెద్ద దుకాణాల పక్కనున్న చిన్న కొట్ల అమ్మకాలు, లాభాలు మొదట పడిపోయినా ఆ దెబ్బ క్రమంగా తగ్గింది. పోటీ వల్ల మూతపడ్డవి ఏడాదికి 1.7 శాతమే. ఆ లెక్కను కాదనక్కర్లేదు. కానీ అది నగరాల లెక్క, పైగా కొలిచింది కొట్టు బతికిందా లేదా అన్నది. బతికిన కొట్టు ఎవరికి అరువివ్వడం మానిందో ఆ అంకె చెప్పదు. రెండో జవాబు, ఆ అరువు ఓ ఉచ్చని, ఇప్పుడు డ్వాక్రా సంఘాలు, బంగారం మీద అప్పులు ఉన్నాయని. ఉచ్చన్న మాట చాలావరకు నిజమే. సంఘం అప్పు పెద్ద వడ్డీ వ్యాపారి నుంచి ఎంతోమందిని తప్పించింది కూడా. అయితే ఆ అప్పు ఒక్కసారి పెద్ద మొత్తంగా వచ్చి నెలనెలా వాయిదా అడుగుతుంది. బుధవారం సాయంత్రం పావుకిలో పప్పుకి, పిల్లాడి జ్వరం మందుకి కావలసింది వేరే రకం అరువు. ఆ పని చెయ్యడానికి ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు.

ఉద్యోగాల విషయంలో న్యాయం గొలుసు దుకాణాల వైపు కొంత ఎక్కువే ఉంది. ఇంటర్ చదివిన అమ్మాయి కులం అడిగించుకోకుండా బిల్లింగ్ కౌంటర్లో కూర్చోవడం, జీతం బ్యాంకులో పడటం, పీఎఫ్ కోత కనబడటం పాత కొట్లో ఊహించనివి. కానీ ఆ అమ్మాయి సరుకెక్కడ కొంటారో, ధర ఎలా కడతారో చూడదు. ఆ నిర్ణయాలు హైదరాబాదులోనో ముంబయిలోనో జరుగుతాయి. పదేళ్ళయినా ఆమె నేర్చుకునేది స్కానరు పని, ఎక్కగలిగింది ఒకటి రెండు మెట్లు. పాత నిచ్చెన కొందరికే అయినా యజమాని కుర్చీ దాకా వెళ్ళేది. కొత్తది అందరికీ తెరిచినా నడుమనే ఆగుతుంది. పని షరతుల్లోనూ కొరతలున్నాయి. బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే ఆడవాళ్ళ పోరాటాల వల్ల 2018లో కేరళ, 2021లో తమిళనాడు కూర్చునే హక్కును చట్టంలో చేర్చాయి. మన 1988 నాటి దుకాణాల చట్టం పని గంటలకి, వారపు సెలవుకి హద్దులు పెట్టింది. వాటిని కౌంటరు వెనకాల తనిఖీ చేసే అధికారి లేకపోతే హద్దులు కాగితం దాటి రావు.

అంచేత పాత కొట్టును కాపాడాలా, కొత్త మాల్‌ను ఆహ్వానించాలా అన్న వాదులాటలో ఈ ప్రాంతానికి ఒరిగేదేమీ లేదు. 2022 ఏప్రిల్లో జిల్లా అయిన కోనసీమ ముందున్న పనులు వేరు. కౌలు రైతుకి, దింపు కార్మికుడికి నెల సరుకుల మేరకు చిన్న అరువు దొరికే ఏర్పాటు సహకార సంఘాల ద్వారా చెయ్యడం మొదటిది. అంబాజీపేట కొబ్బరినీ, రావులపాలెం అరటినీ గొలుసు దుకాణాలు అక్కడి రైతు సంఘాల దగ్గరే కొనేలా ఒప్పించడం రెండోది. కౌంటర్లో పనిచేసే పిల్లలకి కొనుగోలు, లెక్కలు నేర్పి, సొంతంగా నిలబడదలిస్తే హోల్‌సేల్ అప్పుకి పూచీ ఉండే మనిషినో సంస్థనో చూపించడం మూడోది. బెండమూర్లంక కంపెనీ తన అవసరం తీరగానే వెళ్ళిపోయింది. లాభం తగ్గితే గొలుసు దుకాణాలూ అంతే చేస్తాయి, అందులో తప్పు పట్టేదేమీ లేదు. అవి వెళ్ళే రోజుకి ఊళ్ళో సొంతంగా వ్యాపారం చెయ్యడం తెలిసినవాళ్ళు, అరువిచ్చే స్తోమత ఉన్నవాళ్ళు మిగిలి ఉండాలంటే ఆ ఏర్పాటు అవి నడుస్తున్నప్పుడే చేసుకోవాలి.