అమెరికాలో ఎల్‌పీఎన్ ఉద్యోగం ఎక్కడ వెతకాలి?

అమెరికాలో సుమారు ఏడాది కోర్సు చేసి, ఎన్‌క్లెక్స్-పీఎన్ పరీక్ష పాసైతే లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సుగా పనిచేయొచ్చు. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో ఎల్‌వీఎన్ అంటారు. పని దాదాపు ఒకటే. చాలామంది ముందుగా పెద్దాసుపత్రులకే దరఖాస్తు పెడతారు. కానీ వాటిలో ఆర్‌ఎన్‌లకే ప్రాధాన్యం. ఎల్‌పీఎన్‌లను ఎక్కువగా తీసుకునేవి నర్సింగ్ హోమ్‌లు. మన దగ్గర ఆ మాటకు చిన్న ప్రైవేటు ఆసుపత్రి అని అర్థం. అమెరికాలో మాత్రం లేవలేని వృద్ధులను నెలల తరబడి చూసుకునే చోటు. హోమ్ హెల్త్ సంస్థలు, క్లినిక్‌లలోనూ ప్రయత్నించొచ్చు.

హెచ్-4 వీసాపై ఉన్న మనవాళ్లకు లైసెన్స్ ఒక్కటే చాలదు. పని అనుమతి కార్డు ఈఏడీ కూడా ఉండాలి. దానికి సాధారణంగా జీవిత భాగస్వామి ఐ-140 ఆమోదం పొంది ఉండాలి. అది లేకుండా ఉద్యోగంలో చేరకూడదు కాబట్టి, కోర్సు ఫీజు కట్టే ముందే చూసుకోండి.