దెయ్యాల పార్టీకి ఏ థింసా?

ఫ్రెండ్స్, మా హాస్టల్లో దెయ్యాల వేషాల పార్టీ పెడుతున్నాం. దెయ్యాలు వచ్చేటప్పుడు తుడుము, కిరిడి మోత పెడదాం, భయంగా ఉంటుంది అన్నాడో సీనియర్. నాకు నచ్చలేదు. అది మన పెళ్లిళ్ల మోత, చైత్ర పండుగ మోత. మగవాళ్లు వాయిస్తుంటే ఆడవాళ్లు వరసకట్టి ఆడేది.

అలాగని మన ఆటలో భయం లేదా? ఉంది. ఆదివాసీ ఒడియాలో బాగ్ అంటే పులి. మీదపడే పులి నుంచి ఎలా తప్పుకోవాలో బాగ్ థింసా చూపిస్తుంది. అడవిలో బతికిన మన తాతల చరిత్ర అది, కాగితం మీద రాయలేదంతే. బాయ థింసా వేరు, అమ్మవారు పూనినవాళ్ల ఆట. దాన్ని వేషాల్లోకి లాగకూడదు.

హాలోవీన్ కూడా ఐర్లాండులో పంటలు ముగిశాక చేసుకునే సావిన్ పండుగ నుంచి వచ్చిందే కదా.

నేనైతే బాగ్ థింసాకే ఓటేశాను. స్పీకర్లో కాదు, తుడుము తెచ్చి వాయించాలి. ఎవరికి వచ్చో చెప్పండి.