వరి ఎండాకు తెగులు – మారిన పేర్లు



వరి ఆకు కొననుంచి అంచుల వెంబడి అలలాగా పసుపుబారి, పిమ్మట గడ్డిరంగుకు తిరిగి ఎండిపోవడం మీరు చూచే వుంటారు. ఇదే బాక్టీరియా ఎండాకు తెగులు. దీని చరిత్ర తెలిస్తే మందు డబ్బులు కొన్ని మిగులుతాయి, అందుకే చెబుతున్నాను.

1884లో జపాను దేశంలోని ఫుకువోకా ప్రాంతపు రైతులు దీన్ని మొదట గుర్తించారు. నేలలోని పులుపే కారణమని అప్పట్లో అనుకున్నారు. 1909లో తకాయిషి అనే ఆయన ఆకులమీది మసక మంచుబొట్లను తీసి పరీక్షించగా వాటినిండా బాక్టీరియాలే! 1922లో ఇషియామా దానికి సూడోమొనాస్ ఒరైజే అని పేరు పెట్టాడు. ఒరైజా అంటే వరి.

అక్కడితో పేరు నిలవలేదు. ఎద్దునూ గేదెనూ చూడగానే పోల్చుకుంటాము. బాక్టీరియాల్లో చాలావాటికి పుల్లముక్కలాంటి ఆకారమే, ఏది ఏదో ఎలా చెప్పడం? డెన్మార్కు వైద్యుడు గ్రామ్ 1884లో ఒక అద్దకం కనిపెట్టాడు. ఊదారంగును పట్టివుంచేవి ఒక వర్గం, కడిగితే వదిలేసేవి మరొక వర్గం. మన వరి బాక్టీరియా వదిలేసే రకం. పైగా పెంచితే పసుపు ముద్దగా పెరుగుతుంది. ఇటువంటివాటికి డౌసన్ 1939లో క్సాంథోమొనాస్ అనే ప్రజాతిని ఏర్పరచాడు. గ్రీకు భాషలో క్సాంథోస్ అంటే పసుపే. తరువాత వరిదీ ఆ ఇంటికే చేరింది. 1978లో దాన్ని క్యాబేజీ నల్లకుళ్లు బాక్టీరియాతో ఒకే జాతిగా కలిపి, పట్టే పంటనుబట్టి తెగలుగా విడదీశారు. 1990లో మళ్లీ వేరుజాతి చేశారు: క్సాంథోమొనాస్ ఒరైజే. అందులో రెండు తెగలు. ఒకటి గాయాలగుండా, ఆకు అంచుల్లోని నీటి రంధ్రాలగుండా దూరి నీటి నాళాల్లో పాకుతుంది, ఎండాకు తెగులు అదే. రెండవది ఊపిరి రంధ్రాలగుండా పోయి ఈనెల నడుమ సన్నని చారలు తెస్తుంది.

ఈ పేర్ల గొడవ మనకెందుకంటారా? ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన పొలంలో దీన్ని అగ్గి తెగులని పొరబడి, రెండుసార్లు బూజు మందు కొట్టించాను. బూజును చంపే మందు బాక్టీరియాను ఏం చేస్తుంది? పైరు పచ్చబడుతుందని ఆయన యూరియా చల్లుతుంటే వద్దనలేదు కూడా. నత్రజని ఎక్కువైతే ఈ తెగులు మరీ రేగుతుంది. "మందు తరవాత బాబూ, ముందు రోగం పేరు చెప్పు" అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు ఒక గాజుగ్లాసులో దొరుకుతుంది. ఎండిన భాగమూ పచ్చ భాగమూ కలిసేచోట ఆకు ముక్క కోసి తేటనీటిలో ముంచండి. కోసిన అంచునుంచి పాలవంటి సన్నని తీగ కారితే బాక్టీరియానే. మంచుబొట్టులో తకాయిషి చూచిందీ దీన్నే. అప్పుడు బూజు మందు జోలికి పోక, యూరియా ఆపండి. ఆ మడి నీరు పక్కమడికి పారనివ్వకండి.

బాపట్లలో పుట్టిన సాంబ మసూరి ఈ తెగులుకు ఆగదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థల శాస్త్రజ్ఞులు దానిలో మూడు తట్టుకునే జన్యువులు చేర్చగా, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరి విడుదలయింది. వాటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరిది. ఎక్స్ఏ 5, ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 21 అని వాటి పేర్లు. ఆ ఎక్స్ఏ క్సాంథోమొనాస్‌లోని మొదటి రెండక్షరాలే. మీ పొలంలో ఏటా ఈ తెగులు వస్తుంటే, నారు పోసేముందే ఆ విత్తనం గురించి వ్యవసాయాధికారిని అడగండి.